దండ వెయ్యమన్నదెవరు?

యలహంక పాతపేట,
2003 మార్చి

అచ్యుత్‌కు,

పూలమ్మే సుంకమ్మ రాయిస్తున్న ఉత్తరం ఇది. మొదట ఆశీర్వాదం రాయాలని జరీనా అంటోంది. వద్దన్నాను. ఆశీర్వాదం నా దగ్గరే ఉంటుంది. నువ్విచ్చే జవాబు చూశాక, ఇవ్వాలా వద్దా అని ఆలోచిస్తాను.

జరీనా మా పక్కింటి టైలరు. కదిరిలో తెలుగు బడికి పోయిన మనిషి. నాకు అక్షరం రాదు కాబట్టి నేను చెబుతుంటే ఆమె సాపు చేసి రాస్తుంది. ఎవరెవరు ఏమన్నారో అది మాత్రం అన్నది అన్నట్టే రాయాలని ఒట్టు వేయించుకున్నాను. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావేమో. ఫోన్లో నువ్వు ఊఁ, ఊఁ అని పెట్టేస్తావు. నాకు నీ మాట కాగితం మీద కావాలి. మీ ఆఫీసు వాచ్‌మన్‌కు మల్లెపూలిచ్చి మీ కడప ఇంటి చిరునామా సంపాదించాను.

నీ మెడ కింది ఎముక అతుక్కుందా? నా చెయ్యి అతుక్కుంది. పేరే అతుక్కోలేదు.

అబ్బ, ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది! మా అమ్మవారి గుడి కుంభాభిషేకానికి హెలికాప్టర్ పిలిపించి పైనుంచి పూలు చల్లించాలని కమిటీ అనుకుంది. ఎక్కాల్సింది ప్రెసిడెంటు చిక్కమునియప్ప. పట్టుపంచె కట్టుకుని వచ్చాడు. బండికి ఒక పక్క తలుపు పీకేసి ఉండటం చూశాడు. నా వైపు తిరిగాడు.

"అవ్వా, పూలిచ్చేది నువ్వు. ఆ పుణ్యం నీకే రావల్ల. నువ్వే ఎక్కు."

"భయమైతాంది అని చెప్పు మునియప్పా, పుణ్యం పేరెందుకు ఎత్తుతావ్?" అని నేనే ఎక్కాను. ఈ యలహంకలో విమానాలు నా నెత్తి మీదుగా పోని రోజు లేదు. ఒక్కసారైనా నేను వాటి నెత్తి మీదికి పోవద్దా?

బండి నడిపే కెప్టెన్ పక్క సీట్లో కూర్చునే నువ్వే నాకు బెల్టు కట్టావు. చెవులకు డబ్బాలు తగిలించి, "వీటిలో మేం మాట్లాడేదంతా నీకు వినపడుతుందవ్వా" అన్నావు. "విడిపూలే చల్లాలి, దండ మాత్రం వద్దు" అని కూడా అన్నావు. కమిటీ వాళ్ళు పెట్టించిన పెద్ద దండను పక్కకు తోశావు. కనకాంబరాలు, సుగంధరాజం పూలు కలిపి నేనే కట్టిన దండ అది, మనిషి ఎత్తుకు మూడింతలు. కెప్టెన్ గిరియప్ప నవ్వాడు.

"ఉండనీలే అచ్యుత్, ఒక మూల పడుంటాది. దానికి టికెట్ ఏమన్నా అడుగుతామా?"

పైకి పోయాం. నా అరవై ఏళ్ళూ కింద చీమల్లా తిరుగుతున్నాయి! గోపురం మీదికి వచ్చి నేను బుట్ట వంచితే, మీ బండి గాలికి పూలన్నీ ఎటో కొట్టుకుపోయాయి. ఒక్క రేకు కూడా కలశం మీద పడలేదు. కింద జనం చేతులూపుతున్నారు. అప్పుడు నా రెండు చెవుల్లో పడిన మాటలివి. జరీనా, జాగ్రత్తగా రాయి.

కెప్టెన్: "ఇంకొంచెం దిగుదాం. అవ్వా, ఆ దండ తీ. కలశం మీదికి వదులు."

నువ్వు: "సార్... దండ... తోక వైపు పోతాదేమో సార్. ఒకసారి ఆలోచిస్తే బాగుంటాదేమో..."

కెప్టెన్: "మంచుకొండల మీద బండి దింపినోణ్ణయ్యా నేను. పూలదండకు భయపడల్నా? వెయ్ అవ్వా!"

నువ్వు ఏమీ అనలేదు.

కెప్టెన్: "వెయ్ అవ్వా, వెయ్!"

నేను వేశాను. అదే క్షణంలో ఆయన బండిని పక్కకు తిప్పాడు. తిప్పబోతున్నాడని నాకెవరు చెప్పారు? దండ పోయి తోక దగ్గరి చిన్న పంకాకు చుట్టుకుంది. ఆ తర్వాత భూమి, ఆకాశం, గోపురం గిర్రున తిరిగాయి. లేఅవుట్ కోసం చదును చేసిన ఖాళీ నేల మీద మనం అడ్డంగా పడ్డాం. ఎవరూ చావలేదు. దింపిందీ గిరియప్పే, పడేసిందీ గిరియప్పే. అది నేను ఎక్కడైనా చెబుతాను.

ఇప్పుడు ఊరేమంటోందో తెలుసా? ముసలిది పూనకం వచ్చి దండ విసిరి హెలికాప్టర్‌ను కూల్చిందట. పిల్లలు నన్ను హెలికాప్టర్ అవ్వ అంటున్నారు. నిన్న చిక్కమునియప్ప వచ్చాడు.

"అవ్వా, ఇంక నీ బుట్ట గుడి వాకిట్లో పెట్టొద్దు. నీ చేతి పూలు అమ్మకు ఎక్కవంటాండారు జనం."

"ఏ జనమప్పా? నువ్వూ నీ పట్టుపంచా?"

"విచారణ పెడ్తారంట. నీ తప్పు లేదని తేలితే అప్పుడు చూద్దాంలే."

నా పెనిమిటి చనిపోయిన ఏడాది నుంచీ ఆ వాకిలే నా ఇల్లు. ఆ మెట్టు పక్కన కూర్చునే ముగ్గురు పిల్లల్ని పెంచాను. అక్కడ నా చోటు నాకు కావాలి. దండ వెయ్యమన్నదెవరో విన్నవాళ్ళం భూమ్మీద ముగ్గురమే. నువ్వు రాసి పంపు. అంతే.

సుంకమ్మ


కడప,
2003 ఏప్రిల్

పూజ్యురాలైన అవ్వకు, అచ్యుత్ నమస్కారాలు.

మీ చెయ్యి బాగైందని తెలిసి చాలా సంతోషించాను. నా ఎముక కూడా అతుక్కుంటోంది. అమ్మ మీ ఉత్తరం చదివి, మిమ్మల్ని ఒకసారి చూడాలని ఉందని అన్నది.

మీరు అడిగిన విషయం గురించి. విచారణ జరుగుతున్నప్పుడు నేను ఏదైనా రాసి ఇవ్వడం బాగుండదేమో. పైగా అంతా క్షణాల్లో జరిగిపోయింది. ఎవరు ఏ మాట ఎప్పుడన్నారో నాకు అంత స్పష్టంగా గుర్తులేదని చెప్పాలి. కెప్టెన్ గారు నాకు గురువు. నన్ను తన పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, ఈ పని చేత్తో పట్టి నేర్పించిన మనిషి. ఆసుపత్రిలో వెన్నుకు పట్టీ వేసుకుని పడుకున్న ఆయనకు నావల్ల ఇంకో కష్టం రాకూడదని నా ఉద్దేశం. మీరు పెద్దవారు, అర్థం చేసుకుంటారనుకుంటాను.

గుడి విషయం నెమ్మదిగా సర్దుకుంటుందేమో. కొన్నాళ్ళు ఓపిక పడితే మంచిదని నాకనిపిస్తోంది.

ఇట్లు,
అచ్యుత్


యలహంక పాతపేట,
2003 మే

అచ్యుతప్పా,

నీ ఉత్తరం జరీనా రెండుసార్లు చదివింది. రెండోసారి నేనే ఆపేశాను. మాటకొక "ఏమో" తగిలించావే! కాగితం మీద కూడా నీకు ఆ కెప్టెన్ పక్కన కూర్చున్నట్టే ఉందా?

గుర్తులేదా? నాకుంది. నీకు గుర్తులేకపోతే ఇంకొకరిని అడుగుదామని, మైసూరుపాకు కట్టించుకుని, జరీనాను వెంటేసుకుని, యలహంక నుంచి రెండు బస్సులు మారి ఆసుపత్రికి పోయాను. అవును! నీ గురువు దగ్గరికే!

గిరియప్ప నన్ను చూసి మంచం మీద నుంచి లేవబోయి అరిచాడు.

"అవ్వా! నువ్వా! గట్టిదానివే, నడుచుకుంటా వచ్చినావే!"

"నేను నడుస్తాండా. నా పేరే పడుండాది. దండ వెయ్యమన్నదెవరప్పా?"

"నేనే. కాదని నేనెప్పుడన్నా?"

చూశావా! అంత తేలిగ్గా! జరీనా నోరు తెరిచింది. నేను వదిలిపెట్టలేదు. "మరి అది పైవాళ్ళకు చెప్పినావా?" అన్నాను. అప్పుడు ఆ మనిషి ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఎట్ల చెప్పల్ల? అచ్యుత్ ముందే రాసిచ్చి ఉండాడు. వద్దన్నా వినకుండా నువ్వే విసిరినావని వాని స్టేట్‌మెంటు. ఇప్పుడు నేను నిజం చెప్తే వాడు అబద్ధం రాసినాడని తేలుతాది. వాని లైసెన్స్ పోతాది. వాన్ని నా చేతులతో నేర్పించినానవ్వా. అందుకే మెదలకుండా పడుకోనుండా."

ఏమయ్యా! సంతకం పెట్టేసి నాకు గుర్తులేదని రాస్తావా? ఓపిక పట్టమని నాకు చెబుతావా? నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఆయనకు తెచ్చిన మైసూరుపాకు నేనే తిన్నాను.

ఇంకోటి అడిగాను. "పైన ఉన్నప్పుడు అచ్యుత్ నీకు వద్దని చెప్పినాడు కదా?" అని.

"వద్దన్నాడా? ఎప్పుడు?" అన్నాడు, నిజంగానే ఆశ్చర్యంగా. "ఆలోచిస్తే బాగుంటాదేమో అన్నాడు. అది వద్దనడమా? మా ఇంట్లో నా పెండ్లాం కాఫీ తాగుతావా అని అంతకన్నా గట్టిగా అడుగుతాది."

"వద్దు అనే మాటే అనుంటే ఆపేవానివా?"

వెన్ను పట్టీ సర్దుకుంటూ అన్నాడు. "తెలీదవ్వా. అన్నేండ్లు ఏమీ కాలేదు గదా, నాకేమీ కాదు అనుకున్యా. ఆ పొద్దు ఎవరు చెప్పినా వినేవాణ్ణి కాదేమో. కానీ వాడు చెప్పి ఉంటే, వినని తప్పు నాదొక్కనిదే అయ్యుండేది. ఇప్పుడు వానికీ సగం అంటుకుంది."

నాయనా, మీ ఇద్దరి సంగతి నాకిప్పుడు అర్థమైంది. ఆయన్ను కాపాడాలని నువ్వు అబద్ధం రాశావు. నిన్ను కాపాడాలని ఆయన నిజం మింగాడు. నిన్ను ఆయన అడగలేదు, ఆయన్ను నువ్వు అడగలేదు. ఆకాశంలో మోచేతులు తగిలేలా కూర్చుని ఒకరికొకరు చెప్పుకోలేదు. నేల మీద పడ్డాకైనా బుద్ధి రావద్దా? అప్పుడూ వెనక సీట్లో నేనే, ఇప్పుడూ వెనక సీట్లో నేనే. మీరిద్దరూ మర్యాద చేసుకుంటుంటే పడేది నేను!

సుంకమ్మ

జరీనా రాస్తున్నది: అవ్వ చెప్పినవాటిలో మూడు మాటలు నేను రాయలేదు. మీరే ఊహించుకోండి.


కడప,
2003 మే

అవ్వకు,

ఈ ఉత్తరాన్ని ఎన్నిసార్లు మొదలుపెట్టానో. ప్రతిసారీ "ఏమో" అనే మాట వచ్చి కూర్చుంటోంది. కొట్టేస్తున్నాను.

నేను సంతకం పెట్టాను. ఆఫీసు వాళ్ళు టైపు చేసి తెచ్చారు. కెప్టెన్ గారి పేరు నిలబడాలంటే ఇదొక్కటే దారి అన్నారు. ఆమె పెద్దావిడ, చదువులేదు, ఆమెనెవరూ ఏమీ చెయ్యరు అన్నారు. మీకు ఒక వాకిలి ఉందనీ, అది పోతుందనీ నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

దండ వెయ్యమన్నది కెప్టెన్ గారే. నాకు ప్రతి మాటా గుర్తుంది. ఆయన బండిని తిప్పబోతున్నారని పెడల్ మీద కాలు కదలగానే నాకు తెలిసింది. "ఆగండి" అని నా లోపల ఎంత గట్టిగా అరిచానో, అది బయటికి వచ్చిందనే చాలా రోజులు నమ్మాను. మీ ఉత్తరంలో నా మాటలు నేనే చదువుకున్నాక తెలిసింది, రాలేదని. దానికి ముందు ఎన్నోసార్లు ఆయన చేసింది సరిపోయింది, నా అనుమానం తప్పయింది. అందుకని అనుమానాన్ని విన్నపంలా చెప్పడం అలవాటైంది. ఆయన్ను గౌరవించడమంటే అదేననుకున్నాను.

స్టేట్‌మెంటు వెనక్కి తీసుకుంటే నా లైసెన్స్ పోవచ్చు. మా నాన్న లేడు. అమ్మ నగలు ఈ చదువుకే పోయాయి. నేనేం చెయ్యాలో నాకు తెలియడం లేదు అవ్వా.

అచ్యుత్


యలహంక పాతపేట,
2003 జూన్

అచ్యుతప్పా,

ఈసారి ఉత్తరం రాసింది మనిషే అనిపించింది.

నువ్వేం చెయ్యాలో నేను చెప్పను. నేనేం చేస్తానో చెబుతాను, విను. ఢిల్లీ నుంచి పెద్దలు వస్తున్నారు. వచ్చే సోమవారం విచారణ. నన్నూ పిలిచారు. నేను అన్నీ చెబుతాను. కెప్టెన్ వెయ్యమన్నదీ చెబుతాను. నువ్వు ముందే విడిపూలే అన్నదీ చెబుతాను, అది నీ మేలుకు. పైన సగం చెప్పి సగం మింగిందీ చెబుతాను, అది నీ మేలుకు కాదు. ఒకటి దాచి ఒకటి చెప్పడం నాకు చేతకాదు.

అయితే నేను కూడా నీకొకటి దాచాను. పడిన రోజు నుంచీ నా ఎడమ చెవి పనిచెయ్యడం లేదు. లోపల ఎప్పుడూ మీ బండే తిరుగుతూ ఉంటుంది. కుడి చెవి కూడా సగమే. జరీనాకు తప్ప ఎవరికీ తెలియదు. మీ కంపెనీ వకీలు పసిగడితే ఏమంటాడు? "ఈ చెవిటి ముసలమ్మ మాట నమ్ముతారా?" అంటాడు. పడేముందు నా చెవులు పాము చెవుల్లా ఉండేవని ఎవరు సాక్ష్యం చెబుతారు? అందుకే నీ కాగితం కోసం అంతగా గొడవ చేశాను. నా మాట ఒక్కటే నిలబడదని నాకు తెలుసు.

రావాలనుకుంటే రా. వస్తే నా కుడివైపు నిలబడు. మెల్లగా మాట్లాడావంటే నాకు వినపడదు. నాకు వినపడేలా చెప్పు. నాకు వినపడితే లోకమంతటికీ వినపడినట్టే.

సుంకమ్మ


యలహంక పాతపేట,
2003 జూన్

నాయనా అచ్యుత్,

నువ్వు ఎముక నొప్పితోనే కడప బస్సెక్కి పోయావు. నువ్వు పోయాక జరిగింది నీకు తెలియద్దా! జరీనా మిషన్ ఆపి మరీ రాస్తోంది.

ముందు ఇది చెప్పనీ. ఆ విచారణ గదిలో వకీలు నన్ను పట్టుకోనే పట్టుకున్నాడు కదా. నాకు ఎడమవైపు నిలబడి ఏదో గొణిగి, "చూశారా సార్, ఆమెకు వినపడదు" అని పళ్ళికిలించాడు. అంతలో నా కుడివైపు నుంచి ఒక గొంతు!

"ఆ రోజు అవ్వకు వినపడింది. నాకూ వినపడింది. దండ వెయ్యమన్నది కెప్టెన్. వద్దని గట్టిగా చెప్పాల్సింది నేను. చెప్పలేదు. నేను రాసిచ్చింది అబద్ధం. వెనక్కి తీసుకుంటున్నా."

అబ్బబ్బ, ఏం గొంతయ్యా అది! కిటికీ మీది పావురాలు లేచిపోయాయి. గోడకు కూడా వినపడింది. నాకు ఎడమ చెవిలో కూడా వినపడినట్టే అయింది!

చక్రాల కుర్చీలో గిరియప్ప ఒక్కడే నవ్వాడు. "అచ్యుత్, ఇంత గొంతు పెట్టుకోని నా పక్కన ఏం చేస్తాంటివయ్యా?" అన్నాడు. అంతవరకూ నువ్వు విన్నావు. నువ్వు పోయాక ఆయన ఢిల్లీ పెద్దలకు చెప్పింది విను.

"పిల్లోడు చెప్పింది నిజం. కానీ ఒకటి రాసుకోండి. వాడు గట్టిగా చెప్పలేకపోయింది నేను అట్ల పెంచినందుకే. నా పక్కన కూర్చున్నోడు నన్ను ఎదిరించకూడదని నేర్పింది నేను. ఆ నేర్పింది నా లెక్కలో రాయండి, వాని లెక్కలో కాదు."

ఆ తర్వాత నన్ను పిలిచి, "అవ్వా, మైసూరుపాకు బాకీ ఉండావు" అన్నాడు.

సుంకమ్మ


కడప,
2004 జనవరి

అవ్వా,

నిర్ణయం వచ్చింది. నా లైసెన్స్ ఆరు నెలలు ఆపారు. ఆపారు, తీసెయ్యలేదు. నివేదికలో మీ తప్పేమీ లేదని రాశారు. ఆ పేజీ నకలు ఇందులో పెడుతున్నాను. దాన్ని చిక్కమునియప్ప గారికి మీ ఇష్టమొచ్చినంత గట్టిగా చదివి వినిపించండి. కెప్టెన్ గారు ఇక ఎగరరు. కొత్తవాళ్ళకు పాఠాలు చెబుతారట. మొదటి పాఠానికి నన్ను రమ్మన్నారు. తనతో తగువు పెట్టుకోవడమే నా పనట.

పోయాను. తగువు పెట్టుకున్నాను. "వద్దు సార్" అన్నాను. "సార్" ఒక్కటి వదలలేకపోతున్నాను అవ్వా. మిగతాదంతా వచ్చేసింది.

అచ్యుత్


యలహంక పాతపేట,
2004 ఫిబ్రవరి

అచ్యుతప్పా,

"సార్" ఉండనీ. అది అడ్డం కాదు.

నీ కాగితాన్ని జరీనా గుడి వాకిట్లో నిలబడి మైకులో చదివింది! మైకు ఎవరిచ్చారనుకున్నావు? చిక్కమునియప్పే! ఇవ్వకపోతే జనం ఊరుకునేలా లేరు. చదవడం అయ్యాక నా బుట్ట నేనే ఎత్తుకుని పోయి నా మెట్టు పక్కన దించాను. పిల్లలు "హెలికాప్టర్ అవ్వా, హెలికాప్టర్ అవ్వా" అని నా చుట్టూ గిర్రున తిరిగారు. ఈసారి తిట్టలేదు. చేతికి దొరికిన ప్రతి పిల్లకూ పూలు పెట్టాను.

అంతటితో అయిపోలేదు. మొన్న చిక్కమునియప్ప మళ్ళీ వచ్చి మెట్టు మీద నసుగుతూ నిలబడ్డాడు.

"అవ్వా, వచ్చే ఏడు జాతరకు మళ్ళా హెలికాప్టర్ పిలుద్దామంటాంది కమిటీ. నువ్వే ఎక్కల్లంట. జనం నిన్నే అడుగుతాండారు."

"నువ్వెక్కు మునియప్పా. పుణ్యమొస్తాది."

"నాకు... అది... మోకాలి నొప్పవ్వా."

జరీనా పగలబడి నవ్వింది. నేను ఆలోచించి చెప్పాను. ఎక్కుతాను! ఎందుకెక్కను? ఆ రోజు గోపురం నా అరికాళ్ళ కింద ఉంది, ఆ కలశం నా చేతికి అందేలా మెరిసింది. పడినంత మాత్రాన అది చూడలేదని అంటానా? కానీ ఒక షరతు పెట్టాను. ముందు సీట్లో నువ్వుండాలి. నేను విడిపూలు తప్ప ఇంకేది ఎత్తినా, నా చేతి మీద కొట్టాలి. పక్కన ఎంత పెద్ద కెప్టెన్ ఉన్నా, నా కుడి చెవికి వినపడేలా "వద్దు" అనాలి. సరేనంటే జవాబు రాయి. ఏమో అని రాశావంటే బుట్ట కింద పెట్టి దిగిపోతాను.

ఇంక నా దగ్గర దాచుకున్నది ఒకటుంది కదా. తీసుకో.

నూరేళ్ళు ఎగురు నాయనా. ఎగిరిన ప్రతిసారీ నేల మీదికి మెల్లగా దిగు.

నీ అవ్వ,
సుంకమ్మ